రెండో చెయ్యి కూడా చాపిన పిల్లాడు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది గుంటూరు, కొరిటెపాడు. బీఈడీ రెండో సంవత్సరం, మ్యాథ్స్ మెథడాలజీ. మా కాలేజీలో 'ఉపాధ్యాయురాలిగా నా విలువలు, నా భావి తరగతి గది' అని ఒక అసైన్‌మెంట్ ఇచ్చారు. పిల్లలందరినీ సమానంగా చూస్తాను, ప్రేమతో బోధిస్తాను, బెత్తం ముట్టను అని ఆరు పేజీలు రాశాను. మా లెక్చరర్ గారు క్లాసులో చదివి వినిపించి మెచ్చుకున్నారు కూడా. తర్వాత టీచింగ్ ప్రాక్టీస్‌కి ఒక మున్సిపల్ హైస్కూల్లో వేశారు. ఏడో తరగతి, 54 మంది. నాలుగో వారంలో, మధ్యాహ్నం భోజనాల తర్వాత పీరియడ్‌లో, ఎంత చెప్పినా అల్లరి ఆపని ఒక అబ్బాయిని చెక్క స్కేలుతో అరచేతి మీద కొట్టాను. వాడు ఏడవలేదు. మారు మాట్లాడకుండా రెండో చెయ్యి కూడా చాపాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాన్నగారితో చెబితే, 'దండం దశగుణం భవేత్ అన్నారు, మా సారు తొడపాశం పెట్టబట్టే నాకు ఎక్కాలు వచ్చాయి, నువ్వేం తప్పు చేయలేదు' అన్నారు. ఆ స్కూల్లో ఇంకా మూడు వారాలు ఉండాలి. అసైన్‌మెంట్ ఫైనల్ కాపీ వచ్చే నెల ఇవ్వాలి. అది చేతిలోకి తీసుకుంటేనే సిగ్గేస్తోంది. నేను ఈ వృత్తికి పనికొస్తానా? లేక బ్యాంకు కోచింగ్‌లో చేరమంటారా? దయచేసి నా పేరు వేయకండి.
ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మాయీ,

బ్యాంకు కోచింగ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ రెండో చెయ్యి గురించి మాట్లాడుకోవాలి.

నీ ఉత్తరం చదువుతూ నేనూ అక్కడే ఆగిపోయాను. కొట్టినందుకు పిల్లాడు ఏడిస్తే ఓదారుస్తాం. ఎదురు తిరిగితే కోప్పడతాం. వాడు రెండూ చేయలేదు. హోటల్లో బిల్లు కట్టేవాడిలా ఇంకో చెయ్యి చాపాడు. అంటే ఆ పద్ధతి వాడికి ముందే తెలుసు: ఒకటి ఈ చేతికి, ఒకటి ఆ చేతికి, తర్వాత వెళ్లి కూర్చోవడం. నీకంటే ముందు ఎంతమంది నేర్పితే వచ్చిందో మరి. దెబ్బ తిన్నాక వాడి లెక్క సరి. అల్లరి చేశాను, కట్టాల్సింది కట్టేశాను, ఇంక బాకీ లేదు. పక్కవాడి పాఠం చెడగొట్టానే అన్న ఆలోచన వాడికి రావలసిన అవసరమే లేకుండా పోయింది. బెత్తం చేసే నష్టం నాకు ఎక్కువగా ఇక్కడే కనిపిస్తుంది. చేతి మంట సాయంత్రానికి తగ్గిపోతుంది, ఈ బాకీ లెక్క మాత్రం అలవాటైపోతుంది.

చట్టం సంగతి నీకు నేను చెప్పక్కర్లేదు, డీఎస్సీ బిట్లలో ఎప్పుడూ ఉండేదే. 2009 విద్యాహక్కు చట్టం, సెక్షన్ 17, శారీరక దండన, మానసిక వేధింపు నిషేధం, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆ బిట్టుకు నువ్వు సరైన ఆప్షనే పెట్టి ఉంటావు. ఆ చట్టం వచ్చేనాటికి నా సర్వీసు సగం పైనే అయిపోయింది. అంతకుముందు నా టేబుల్ మీద కూడా ఒక వేపబెత్తం ఉండేది. ఎక్కువ వాడలేదని ఇప్పుడు గొప్పలు చెప్పుకోవడం అనవసరం. ఉండేది, అంతే.

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పి, ఆ శ్లోకం మొత్తం ఒకసారి చదివి వినిపించు. అందరూ చివరి ముక్క ఒక్కటే పట్టుకుంటారు. 'విశ్వామిత్రాహి పశుషు కర్దమేషు జలేషు చ, అంధే తమసి వార్ధక్యే దండం దశగుణం భవేత్.' విడగొట్టి చూస్తే ఇందులో విశ్వామిత్రుడు లేడు. వి అంటే పక్షి, శ్వ అంటే కుక్క, అమిత్ర అంటే శత్రువు, అహి అంటే పాము. ఆ తర్వాత పశువులు, బురద, నీళ్లు, గుడ్డితనం, చీకటి, ముసలితనం. చేతికర్ర ఈ పది చోట్ల ఉపయోగపడుతుందన్నాడు. పదింటిలో బడిపిల్లాడు ఎక్కడా లేడు. నా మటుకు నాకు ఆ పదోది ఇప్పుడు బాగా పనికొస్తోంది, కర్ర లేనిదే మేడ మెట్లు దిగలేకపోతున్నాను.

ఎక్కాల విషయం. తొడపాశం తిని ఎక్కాలు నేర్చినవాళ్లు ఇవాళ మన మధ్య కూర్చుని ఆ కథ చెబుతున్నారు. అదే తొడపాశానికీ, గోడకుర్చీకీ, కోదండానికీ జడిసి బడి ఎగ్గొట్టి, చివరికి పలకే వదిలేసినవాళ్లని పిలిచి అడిగేవాళ్లు లేరు. వాళ్లని కూడా అడిగితేనే కదా లెక్క తేలేది. అయినా నాన్నగారితో వాదన పెట్టుకోకు. వాళ్ల సారు మీద ఆయనకున్న గౌరవం ఆయనది. ఆ సారు గురించి ఇంకేం గుర్తున్నాయో ఒక సాయంత్రం తీరిగ్గా అడుగు. తొడపాశం కాక ఇంకేవో బయటికొస్తాయని నా అనుమానం.

ఇక నీ ఆరు పేజీలు. మేం ట్రైనింగ్ అయిన కాలంలోనూ ఇలాంటి వ్యాసం రాయించేవారు. నాది 'ఉపాధ్యాయుడు తాను కరిగిపోతూ లోకానికి వెలుగునిచ్చే కొవ్వొత్తి వంటివాడు' అని మొదలైంది. పదికి ఎనిమిది మార్కులు వేశారు. ఉద్యోగంలో చేరాక కరెంటు పోయిన రోజుల్లో తప్ప నాకు కొవ్వొత్తితో పని పడలేదు. నువ్వు రాసినవి అబద్ధాలని నేననను. వాటికి టైము లేదు, చోటు లేదు, మనిషి లేడు. అందరినీ సమానంగా చూస్తానన్నావు. ఎప్పుడు? భోజనాలయ్యాక, ఉక్కపోతలో, 54 మందిలో ముప్ఫైమంది ఒకేసారి మాట్లాడుతుంటే, నీ గొంతు బొంగురుపోయి ఉంటే, అప్పుడు కూడానా? ఈ ప్రశ్న నీ వ్యాసం వేసుకోలేదు. ఆ అబ్బాయి వచ్చి వేశాడు.

మన సర్కారు పాఠ్యపుస్తకాలు రోజూ చూస్తున్నావు కదా, ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీలో అదే పాఠం తెలుగులో. ఫైనల్ కాపీ అలా రాయి. ఎడమ పేజీలో నీ విలువ, ఒక్క మాటలో. కుడి పేజీలో దాని తెలుగు. అంటే, ఆ మాట నిజమైతే నేను ఏ పీరియడ్‌లో, ఏ పిల్ల దగ్గర, ఏం చేస్తాను, ఎక్కడ నిలబడతాను అన్నది. కుడి పేజీ ఎంత ఆలోచించినా నిండకపోతే ఎడమ పేజీలో మాట కొట్టెయ్. ఆరు పేజీలు రెండున్నరకు దిగుతాయేమో. దిగనీ. మార్కులు తగ్గినా నష్టం లేదు, అది ఇంటర్నల్సే.

నా కుడి పేజీలు రెండు మూడు చెబుతాను. కాపీ కొట్టడానికి కాదు, ఎలా ఉంటాయో చూడటానికి.

గుంటూరులో పనిచేసేటప్పుడు నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. జనవరి దాకా ముత్యాల్లాంటి రాత. ఫిబ్రవరి వచ్చేసరికి కోడి గీతలు. ఒకరోజు బోర్డు మీద లెక్క ఇచ్చి బెంచీల మధ్య తిరుగుతుంటే, ఆ పిల్ల పెన్ను కింద పెట్టి వేళ్లు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. 'ఏమ్మా, నీకు ప్రత్యేకంగా చెప్పాలా?' అంటూ నోటుబుక్కు లాక్కుని, ఆ గీతలు ఎత్తి క్లాసంతటికీ చూపించాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాననుకుంటా. అప్పుడు పక్కన కూర్చున్న పిల్ల మెల్లగా అంది: 'దానికి చేతులు మంట టీచర్. రాత్రి వాళ్లమ్మతో మిరపకాయలు తొడిమలు తీసింది.'

ఈ ఊరి పిల్లవి, నీకు విడమరచి చెప్పక్కర్లేదు. మిర్చి యార్డు సీజన్ మొదలైతే గాలి కూడా ఘాటుగా ఉండే ఊరు మనది. ఆ కారం చేతికి పట్టిందంటే సబ్బుతో ఎంత రుద్దినా వదలదు, అది నీళ్లలో కరిగే రకం కాదు. నూనె రాసి తుడవాలి, లేదా మజ్జిగలో చేతులు పెట్టుకుని కూర్చోవాలి. ఈ సైన్సు నాకు నేర్పింది కూడా ఆ పిల్లే, మర్నాడు నేను క్షమించమని అడిగినప్పుడు. 'పర్లేదు టీచర్, కొబ్బరినూనె రాసుకుంటే తగ్గుద్ది' అని నాకే ధైర్యం చెప్పింది.

అప్పటి నుంచి నా కుడి పేజీ ఇది: 'ఎందుకు రాయలేదు' అని అడగను. 'ఏమైంది' అని అడుగుతాను. అదీ నేను బెంచీ దగ్గరకెళ్లి, పక్కవాళ్లకు వినపడని గొంతుతో. దీనికి ఎడమ పేజీలో ఏం పేరు పెట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు. దయ అంటే చాలా పెద్దమాట. మర్యాద అనుకుందాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది కదా, అక్కడ పనిచేసే నా స్నేహితురాలు ఒకావిడ బడి తెరిచిన రోజు అలవాటుకొద్దీ హోంవర్క్ తీయమందట. ఒక్కరూ కదల్లేదట. పుస్తకాలన్నీ ఇంట్లో బురదలో ఉన్నాయి. 'నోట్లోంచి వచ్చేశాక చచ్చినంత పనయింది' అని ఫోన్లో చెప్పింది.

ఇక సమానత్వం. నేను అందరినీ ఒకేలా చూస్తానని స్టాఫ్‌రూములో నాకు పేరు, నాకూ ఆ నమ్మకమే. ఒక ఏడాది ఎందుకో హాజరు పట్టీలో పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకుని, పాఠం మధ్యలో నేను పేరు పెట్టి పిలిచిన పిల్లకల్లా ఒక చుక్క పెట్టాను. నెలాఖరుకు చూసుకుంటే ఎనిమిదిమంది పక్కన చుక్కలు చీమల బారులా ఉన్నాయి. పదకొండుమంది పక్కన ఒక్కటీ లేదు. ఆ పదకొండుమందిలో ఇద్దరి మొహాలు ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. నెలరోజులు రోజూ నా ఎదురుగా కూర్చున్న పిల్లలు!

మిర్చి యార్డులో తేజ రకం వేరు, బాడిగ రకం వేరు, పనికిరాని తాలు వేరు. కొనేవాడికి ఆ ఏరివేత కావాలి. బడిలో మనం చెప్పకుండానే ముందు బెంచీ తేజ అయిపోతుంది, వెనక బెంచీ తాలు అయిపోతుంది. మార్కుల్ని బట్టి సెక్షన్లు విడదీసే బళ్లలో అయితే తెలిసే చేస్తారు, పైగా తల్లిదండ్రులు దానికి ఫీజు కట్టి మెచ్చుకుంటారు. ఈ చుక్కల కాగితం నువ్వూ ఒక వారం పెట్టి చూడు. ఎవరికీ చూపించకు.

ఇంకొకటి కొంచెం చేదుగా ఉంటుంది. నీకు మంచినీళ్లు తెమ్మని ఎవరిని పంపుతున్నావు? బోర్డు తుడిచేదెవరు, గది ఊడ్చేదెవరు, ఆఫీసు రూములోంచి కుర్చీ మోసుకొచ్చేదెవరు? నేను పనిచేసిన చోట్ల చీపురు ఆడపిల్లల చేతిలోనూ, కుర్చీ మగపిల్లల చేతిలోనూ ఉండేవి. మంచినీళ్ల గ్లాసు మాత్రం ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురి చేతుల్లోనే. ఎందుకు వాళ్లేనో ఎవరూ పైకి అనరు. గుర్రం జాషువా వినుకొండలో చదువుకునే రోజుల్లో కులం పేరుతో అవమానాలు పడ్డారు. ఆయనే పెద్దయ్యాక ఇదే గుంటూరులో ఏళ్ల తరబడి పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పారు. అదంతా వందేళ్ల కిందటి మాట, ఇప్పుడేముంది అంటారు. గ్లాసు ఎవరి చేతికిస్తున్నామో ఒక వారం చూసుకున్నాక ఆ మాట అంటే బాగుంటుంది.

నేను చేసింది చిన్న పనే. హాజరు పట్టీ వరస ప్రకారం రోజుకు ఇద్దరు. నీళ్లకూ వాళ్లే, చీపురుకూ వాళ్లే, బోర్డుకూ వాళ్లే. మూడో వారంలో ఒక తల్లి వచ్చి 'మగపిల్లాడి చేత చీపురు పట్టిస్తారా' అని గొడవకు దిగింది. కుర్చీ వేసి కూర్చోబెట్టి జాబితా చూపించాను. అందులో శుక్రవారం ఎదురుగా నా పేరు కూడా ఉంది. ఆమె ఒప్పుకుని వెళ్లిందని చెప్పను, గొణుక్కుంటూనే వెళ్లింది. పిల్లాడు మాత్రం ఊడ్చాడు, బెంచీల కింద సరిగ్గా ఊడ్వలేదు కూడా.

నువ్వు లెక్కల టీచరువి కాబట్టి ఇంకో పేజీ నీకు తప్పనిసరి. సగం పెద్దదా, పావు పెద్దదా అని నోటితో అడుగు, క్లాసులో ఎవరూ తప్పు చెప్పరు. బోర్డు మీద 1/2, 1/4 అని రాసి అడుగు, చాలా చేతులు 1/4 వైపు లేస్తాయి. ఎందుకురా అంటే, 'నాలుగు పెద్దది కదా టీచర్' అంటాడు. వాడి దగ్గర కారణం ఉంది చూశావా. తప్పు కారణమే, కానీ వాడు ఆలోచించే చెప్పాడు. 'తప్పు, కూర్చో' అన్నావనుకో, ఆ కారణం వాడి లోపలే చెక్కుచెదరకుండా ఉండి, పదో తరగతి దాకా వాడితోపాటు పాసవుతూ వస్తుంది. డీఎస్సీ కోసం, పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పియాజే చెప్పిన నాలుగు దశలూ కంఠతా పట్టి ఉంటావు. ఆ 'నాలుగు పెద్దది కదా' అన్న పిల్లాడిని ఇంకో రెండు నిమిషాలు మాట్లాడించు, ఆ చదివింది నీకు అప్పుడు అక్కరకొస్తుంది. రైతుబజారులో అమ్మ పక్కన కూర్చుని పావుకిలో పచ్చిమిర్చి తూచే పిల్లలు ఆ క్లాసులో తప్పకుండా ఉంటారు. వాళ్లని లేపి, పావుకిలోలు ఎన్ని వేస్తే కిలో అవుతుందో, అరకిలోలు ఎన్ని వేస్తే అవుతుందో చెప్పించు. ఆ భిన్నం కింద ఉన్న నాలుగు ఎందుకుందో వాడి నోటితోనే బయటికొస్తుంది. 'అర్థమైందా?' అని మాత్రం అడగకు. 54 మందీ రాగం తీసి 'అయ్యింది టీచర్' అంటారు, ఆ రాగం అన్ని బళ్లలో ఒకటే.

ఇప్పుడు ఆ భోజనాల తర్వాత పీరియడ్. అక్కడ నీ చెయ్యి లేచింది పిల్లల మీద ప్రేమ తక్కువై కాదు. పీరియడ్ ప్లాను తప్పి దొరికిపోయావు. అన్నం తిని, ఆవరణలో పరిగెత్తి, చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్న పిల్లలకు నలభై నిమిషాలు నువ్వు మాట్లాడితే ఎవడు వింటాడు? ఆ పీరియడ్‌లో పది నిమిషాలకు మించి నోరు తెరవకు. చేసే పని ఇవ్వు. ఇద్దరిద్దరిని జత చేసి, ఒకరు రాసిన లెక్క ఇంకొకరు దిద్దేటట్టు పెట్టు. అప్పుడు గోల ఉంటుంది, కాకపోతే లెక్క గురించి ఉంటుంది. నువ్వు బోర్డు దగ్గర నిలబడకు, గది వెనక్కి వెళ్లి నిలబడు. గోల పెరిగినకొద్దీ గొంతు పెంచే అలవాటు మానుకో. ఏం చేయాలో బోర్డు మీద రాసి, చాక్‌పీస్ కింద పెట్టి ఊరుకో. మొదటి రెండు రోజులు పనిచేయదు. నాలుగో రోజుకు వాళ్లలో వాళ్లే 'ఒరేయ్, టీచర్ రాసింది చూడండ్రా' అంటారు.

ఇంకో మాట కూడా వ్యాసంలో రాయి, లెక్చరర్ గారు ఏమనుకున్నా సరే. విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు 35 మంది పిల్లలకు ఒక టీచరు ఉండాలి. నీ గదిలో 54 మంది. ఆ మిగిలిన 19 మందికి నీ సహనం జవాబుదారీ కాదు. టీచరుకు ఓర్పు ఉంటే చాలు, విలువలుంటే చాలు అనడం వ్యవస్థ నడిపేవాళ్లకు చాలా చవకైన పద్ధతి. నాకు ముప్ఫై ఏళ్లు వాళ్లు ఇచ్చిన సలహా అదే. అలాగని స్కేలు ఎత్తడానికి ఈ 54 అంకె సాకుగా వాడుకోకు, అది వేరే లెక్క.

సోమవారం ఏం చేయాలో చెబుతాను. ముందు హెడ్మాస్టరు గారికీ, నీ గైడ్ టీచరుకూ జరిగింది జరిగినట్టు చెప్పు. ఇంకొకరి నోటి నుంచి వాళ్లకు తెలియడం కంటే అదే మేలు. 'ఈ మాత్రానికేనా' అని ఎవరో ఒకరు నవ్వుతారు, 'చనువిస్తే నెత్తికెక్కుతారమ్మా' అని ఇంకొకరు హెచ్చరిస్తారు. విని ఊరుకో. తర్వాత క్లాసుకు వెళ్లు. కొట్టింది అందరి ముందు కాబట్టి సారీ కూడా అందరి ముందే చెప్పాలి, పక్కకు పిలిచి చెవిలో చెబితే చెల్లదు. 'ఆ రోజు నిన్ను కొట్టాను. అది నా తప్పు. నీ అల్లరి సంగతి మనిద్దరం విడిగా మాట్లాడుకుందాం.' ఇంతే. 'నీ మంచి కోసమే' అన్న మాట రానీయకు. కన్నీళ్లు పెట్టుకోకు, పెట్టుకుంటే పాపం వాడు నిన్ను ఓదార్చాల్సి వస్తుంది. తర్వాత విడిగా కూర్చోబెట్టి, ఆ రోజు వాడి గోల వల్ల పక్కవాడికి ఏ లెక్క అర్థం కాకుండా పోయిందో ఆ లెక్క వాడిచేతే పక్కవాడికి చెప్పించు. వాడికి రాకపోతే ముందు నువ్వు వాడికి నేర్పు. చెయ్యి చాపి బిల్లు కట్టే దారి మూసేశాక, వాడికి ఇంకో దారి చూపించాలి కదా.

వాడు వెంటనే మారిపోతాడని అనుకోకు. బుధవారం మళ్లీ అల్లరి చేస్తాడు.

భావి తరగతి గది అనగానే మీ బ్యాచ్ అంతా రంగుల చార్టులు, థర్మాకోల్ మోడళ్లు, ప్రొజెక్టరు రాసి ఉంటారు. ఆ థర్మాకోల్ ఎగ్జిబిషన్ అయిన మర్నాడు బీరువా మీదికెక్కి, దుమ్ము పట్టి, వేసవి సెలవుల్లో ఎలుకల పాలవుతుంది. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరులో శారదా నికేతనం పెట్టారు. ఆడపిల్లలు చదువుకోవాలని అప్పటికి సభల్లో చెప్పేవాళ్లకు కొదవ లేదు. ఈ దంపతులు ఆ మాటకు ఒక గది, ఒక పలక, కూర్చోవడానికి చోటు చూపించారు. నీ ఆశ కూడా ఆ కొలతలో రాసుకో. ఉదాహరణకు నాదొకటి ఉండేది: ఫిబ్రవరి లోపల క్లాసులో ప్రతి పిల్లా ఒక్కసారైనా బోర్డు దగ్గరకొచ్చి, లెక్క తప్పు చేసి, ఏడవకుండా వెళ్లి కూర్చోవాలి. అన్నేళ్లలో రెండే రెండుసార్లు అది పూర్తిగా జరిగింది.

రెండోది ఇంకా కష్టమైంది. సంక్రాంతి దాటాక మిరప కోతలకు కర్నూలు వైపు నుంచి కుటుంబాలు మన గుంటూరు, పల్నాడు ఊళ్లకు పిల్లల్ని వెంటబెట్టుకుని వస్తాయి. అక్కడ వాళ్ల బడి హాజరు పట్టీలో వరసగా ఆబ్సెంట్లు పడుతుంటాయి, ఇక్కడ ఆ పిల్ల కల్లం పక్కన చెల్లెల్ని ఆడిస్తుంటుంది. అలాంటి పిల్లలు కొన్ని వారాలకు మా బడికొచ్చేవాళ్లు. వాళ్ల మాట యాసకు మా పిల్లలు నవ్వేవాళ్లు. ఆ నవ్వు ఆపడానికి నాకు ఒక ఏడాది పట్టింది. చివరికి పనిచేసింది ఏమిటంటే, వాళ్ల ఊళ్లో కూరగాయల పేర్లు, కొలతల పేర్లు ఆ పిల్లల చేతే బోర్డు మీద రాయించి, మా పిల్లల చేత నోటుబుక్కులో ఎక్కించడం. నీకు రేపు ఏ ఊళ్లో పోస్టింగు వస్తుందో, అక్కడి పిల్లలు ఇంట్లో ఏ భాష మాట్లాడతారో. విజయవాడ వించిపేటలో ఉర్దూ వినపడుతుంది, తండాలో లంబాడీ వినపడుతుంది. దీనికి కుడి పేజీ ఇప్పుడే నింపలేవు. ఖాళీగా వదిలి ఉంచు.

ప్రభుత్వ ఉద్యోగం ఎప్పుడో కదా అంటావు. 2025 మెగా డీఎస్సీ నోటిఫికేషన్ 16,347 పోస్టులకు వచ్చింది, మళ్లీ వచ్చేదాకా నువ్వు ఏదో ఒక ప్రైవేటు బడిలో చేరతావు. అక్కడ నీ మాట చెల్లదు. వారం వారం టెస్టులు, ర్యాంకులు, 'పిల్లలకు భయం లేదు మేడం' అని మేనేజ్‌మెంట్ నుంచి ఫిర్యాదులు, దానికి తగ్గ చిన్న జీతం. పాలసీ మార్చలేవు, మార్చబోయి ఉద్యోగం పోగొట్టుకోమని కూడా నేను చెప్పను. గది తలుపు వేశాక ఉన్న నలభై నిమిషాల్లో ఎవరి పేరు పిలవాలి, గ్లాసు ఎవరికివ్వాలి, తప్పు చెప్పిన పిల్లాడితో ఎలా మాట్లాడాలి అన్నవి మాత్రం నీ చేతిలోనే ఉంటాయి. కొట్టమని ఎవరైనా నేరుగా చెబితే, సెక్షన్ నంబరు గుర్తుందిగా, ఆ మాట రాతపూర్వకంగా ఇమ్మను. ఎవరూ ఇవ్వరు.

పనికొస్తానా అని అడిగావు. ఒక దెబ్బను బట్టి, ఒక నిద్రలేని రాత్రిని బట్టి నేనెలా చెప్పను? ఆ మూడు వారాలు పూర్తి చెయ్. తర్వాత ఒక ఏడాది ఎక్కడైనా పాఠం చెప్పి, కుడి పేజీలు ఎన్ని నిండాయో చూసుకో. అప్పటికీ మనసు ఒప్పకపోతే బ్యాంకు కోచింగ్‌లో చేరు. బ్యాంకు కౌంటరు దగ్గర కూడా మర్యాదగా మాట్లాడే మనుషుల అవసరం చాలా ఉంది, పింఛను కోసం నెలనెలా వెళ్లేదాన్ని, నాకు తెలుసు.

చివరికొకటి. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తరగతి ఉంది, పిల్లల సంఖ్య ఉంది, పీరియడ్ ఉంది, స్కేలు చెక్కదని కూడా ఉంది. ఆ అబ్బాయి పేరు లేదు. పత్రికలో వస్తుందని దాచి ఉంటే మంచి పనే చేశావు. నాలుగు వారాలైనా నీకు తెలియకపోవడం వల్ల రాయకపోతే మాత్రం, సోమవారం హెడ్మాస్టరు గదిలోకి వెళ్లేముందు హాజరు పట్టీ తీసుకుని చూడు.